ఉంది, లేదు, తెలియదు: యూజర్ ఖాతా స్క్రిప్ట్ డైరీ

మొదటి రోజు

నేను చూసుకునే లినక్స్ సర్వర్లు ఎనిమిది. కొత్తవాళ్లు చేరినప్పుడల్లా వరుసకో పేరు చొప్పున ఒక జాబితా నా దగ్గరికి వస్తుంది. ఒక్కో సర్వర్‌లోకి వెళ్లి, ఆ పేరుతో ఖాతా ఉందో లేదో చూసి, లేకపోతే తయారు చేసి బయటికి రావడం ఇన్నాళ్లూ చేత్తోనే చేశాను. పోయినసారి రెండు పేర్లు తప్పిపోయాయి. అందుకే ఈ పనిని, కమాండ్‌లు వరుసగా రాసిపెట్టే షెల్ స్క్రిప్ట్‌కి అప్పగించాలని కూర్చున్నాను. తయారు చేసే భాగం యూజర్‌యాడ్ అనే కమాండ్ చూసుకుంటుంది. దానికి ముందున్న ప్రశ్నే నేను రాయాలి: ఈ పేరుతో ఖాతా ఉందా?

మొదటి గంటలో రాసింది ఒక్క వరుస. ఈటీసీ డైరెక్టరీలో ఖాతాల వివరాలుండే పాస్‌వర్డ్ ఫైల్‌లో గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో పేరు వెతకడం. మైనస్ క్యూ అనే ఆప్షన్ ఇస్తే గ్రెప్ తెరమీద ఏమీ రాయదు, ఎగ్జిట్ కోడ్ (కమాండ్ ముగిసేటప్పుడు ఫలితం చెప్పే అంకె) ఒక్కటే ఇస్తుంది. దొరికితే 0, దొరక్కపోతే 1. ఇఫ్‌లో పెట్టుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి అనిపించింది. అన్ని అధికారాలూ ఉండే రూట్ ఖాతా పేరు అడిగితే ఉంది అంది. నోటికొచ్చిన పేరేదో ఇస్తే లేదంది.

జాబితాలో లాగ్‌లు సేకరించే ఒక సర్వీస్ కోసం "లాగ్" అనే ఖాతా అడిగారు. అన్ని సర్వర్లలోనూ అది ముందే ఉందని స్క్రిప్ట్ చెప్పింది. ఎక్కడా లేదని నాకు తెలుసు. మైనస్ క్యూ తీసేసి చూస్తే ఫైల్‌లో సగానికి పైగా వరుసలు తెరమీదికి వచ్చాయి. సర్వీసుల కోసం ఉండే ఖాతాల్లో చాలావాటికి చివర షెల్ స్థానంలో "నోలాగిన్" ఉంటుంది. నేను అడిగిన మూడు ఇంగ్లిష్ అక్షరాలు ఆ మాటలోనే ఉన్నాయి!

ఆ ఫైల్‌లో ప్రతి వరుసా కోలన్‌లతో విడదీసిన ఏడు భాగాలు: పేరు, పాస్‌వర్డ్ ఉండాల్సిన చోటు, యూఐడీ (ఖాతా అంకె), జీఐడీ (గుంపు అంకె), వ్యాఖ్య, హోం డైరెక్టరీ, షెల్. రెండో భాగంలో ఇప్పుడు ఎక్స్ అనే అక్షరం ఒక్కటే కనిపిస్తుంది, పాస్‌వర్డ్ నుంచి లెక్కకట్టిన హ్యాష్ షాడో అనే వేరే ఫైల్‌లోకి వెళ్లిపోయింది. ఐదో భాగాన్ని ఇప్పటికీ జీకాస్ అంటారు. బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ తొలినాళ్లలో ప్రింటింగ్ పనులు జీకాస్ అనే వేరే సిస్టమ్ నడిచే యంత్రానికి పంపేవాళ్లు, దానికి కావాల్సిన వివరాలు అక్కడ రాసేవాళ్లు. ఆ యంత్రాలు పోయాయి, పేరు నిలిచింది. నాకు ఈ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా ముచ్చటేస్తుంది. ఇప్పుడు అక్కడ మనిషి పూర్తి పేరు రాస్తున్నాం, నా గ్రెప్ ఆ పూర్తి పేర్లలో కూడా వెతుకుతోంది.

వరుస మొదట్లోనే పేరు ఉండాలని ^ గుర్తు, పేరు అక్కడితో ఆగాలని వెనక కోలన్ పెట్టాను. "లాగ్" సమస్య తీరింది. కానీ మా దగ్గర కొన్ని పేర్ల మధ్యలో చుక్క ఉంటుంది, గ్రెప్‌కి చుక్క అంటే ఏ అక్షరమైనా సరే. గ్రెప్ వదిలేసి, వరుసను భాగాలుగా విడదీసే ఆక్ అనే కమాండ్‌తో మొదటి భాగం అచ్చంగా ఆ పేరేనా అని పోల్చాను. ఇది కచ్చితంగా పనిచేస్తుంది.

రెండో రోజు

పనిచేస్తుంది గానీ, చూడాల్సింది ఆ ఫైల్ కాదు.

మా ఎనిమిదింటిలో ఐదు సర్వర్లలో మనుషుల ఖాతాలు ఆ ఫైల్‌లో ఉండవు. అందరి ఖాతాలూ ఒకేచోట ఉంచే డైరెక్టరీ సర్వర్ ఒకటి కేంద్రంగా ఉంది, ఎస్‌ఎస్‌ఎస్‌డీ అనే సర్వీస్ దానితో మాట్లాడుతుంది. ఈటీసీలో ఎన్‌ఎస్‌స్విచ్ అనే ఫైల్ తెరిస్తే యూజర్ల వివరాలు ఎక్కడెక్కడ, ఏ వరుసలో వెతకాలో రాసి ఉంటుంది. మా దగ్గర ముందు ఫైళ్లు, తర్వాత ఎస్‌ఎస్‌ఎస్‌డీ. నిన్న రాసిన ఆక్ ఈ ఐదు సర్వర్లలో ఒక్క మనిషిని కూడా గుర్తుపట్టదు.

ఆ వరుసను పాటిస్తూ అడగడానికి రెండు కమాండ్‌లు ఉన్నాయి. ఐడీ ఒకటి, గెట్‌ఎంట్ ఒకటి. ఐడీ పోజిక్స్ అనే యూనిక్స్ ప్రమాణంలో ఉంది, ఏ యూనిక్స్‌లోనైనా దొరుకుతుంది. గెట్‌ఎంట్ ఆ ప్రమాణంలో లేదు, మాక్ ఓఎస్‌లో కనిపించదు. కానీ గెట్‌ఎంట్ దొరికిన వరుసను పాస్‌వర్డ్ ఫైల్ రూపంలోనే ఇస్తుంది, ఎగ్జిట్ కోడ్‌లు కూడా వివరంగా ఉంటాయి: దొరికితే 0, అడిగిన తీరు తప్పైతే 1, దొరక్కపోతే 2. నా సర్వర్లన్నీ లినక్స్. గెట్‌ఎంట్ తీసుకున్నాను.

గెట్‌ఎంట్‌ని పేరు ఇవ్వకుండా పిలిచి, వచ్చిన మొత్తం జాబితాలో గ్రెప్ చేసేవాళ్లని చూశాను. ఎస్‌ఎస్‌ఎస్‌డీ ఉన్నచోట అది తప్పు. డైరెక్టరీలో ఉన్న అందరినీ వరుసగా చెప్పమంటే ఎస్‌ఎస్‌ఎస్‌డీ మామూలుగా చెప్పదు, ఆ సౌకర్యం విడిగా ఆన్ చెయ్యాలి. పేరు పెట్టి ఒక్కరిని అడిగితే మాత్రం చెబుతుంది. కాబట్టి ఎప్పుడూ పేరుతోనే అడగాలి.

సాయంత్రం జాబితా మొత్తాన్ని లూప్‌లో నడిపాను. ముందే ఖాతాలున్న పాతవాళ్లని కూడా అందరినీ లేరు అంది. చేత్తో టైప్ చేసి అడిగితే అదే పేరు దొరుకుతోంది. క్యాట్‌కి కనపడని గుర్తులు కూడా చూపమని పెద్ద ఏ ఇచ్చి జాబితా చూస్తే ప్రతి వరుస చివరా డాలర్ గుర్తుకి ముందు ^ పక్కన ఎం కనిపించింది. విండోస్‌లో దాచిన ఫైల్ అది. పేరు వెనక కంటికి కనపడని క్యారేజ్ రిటర్న్ (విండోస్ వరుస చివర చేర్చే గుర్తు) అతుక్కుని వస్తోంది. చదివేటప్పుడే దాన్ని తీసేశాను. అదే ఫైల్‌లో ఆఖరి పేరు తర్వాత కొత్త వరుస గుర్తు లేదు, దానివల్ల వరుసలు చదివే రీడ్ కమాండ్ ఆ పేరును చదివి కూడా విఫలమైనట్టు చెప్పి లూప్ ఆపేసింది. రీడ్ విఫలమైనా వేరియబుల్‌లో ఏమైనా మిగిలి ఉంటే ఇంకో చుట్టు తిరిగేలా మార్చాను. పోయినసారి తప్పిపోయిన రెండు పేర్లలో ఒకటి జాబితాలో చిట్టచివరిది. అప్పుడు నేను చేత్తో చేశాను కాబట్టి ఇది కారణం కాదు, అయినా ఆఖరి పేరు రెండోసారి కూడా జారిపోబోయిందని చూసి ఆ వరుస దగ్గర ఎక్కువసేపు ఆగాను.

మూడో రోజు

ఇవాళంతా ఖాళీ వరుస ఒక్కటి తిన్నది.

జాబితా మధ్యలో ఎవరో ఒక వరుస ఖాళీగా వదిలారు. స్క్రిప్ట్ దానికి కూడా "ఖాతా ఉంది" అని రాసింది. వేరియబుల్ చుట్టూ కొటేషన్ గుర్తులు పెట్టలేదు. ఖాళీ వేరియబుల్‌కి కొటేషన్లు లేకపోతే షెల్ దాన్ని పూర్తిగా మాయం చేస్తుంది. గెట్‌ఎంట్‌కి పేరే అందలేదు, అందుకని ఉన్నవాళ్లందరినీ చూపించి 0 తో బయటికి వచ్చింది. ఐడీ వాడినా ఇంతే. పేరు ఇవ్వకపోతే ఐడీ స్క్రిప్ట్ నడుపుతున్నవాళ్ల వివరాలే చెప్పి 0 ఇస్తుంది. స్క్రిప్ట్‌ని రూట్‌గా నడుపుతున్నాను, రూట్ ఎప్పుడూ ఉంటుంది.

కొటేషన్లు పెట్టడం ఒక్కటే కాదు, అడగడానికి ముందే పేరును చూడాలని నిర్ణయించుకున్నాను. ఖాళీగా ఉంటే వదిలెయ్. 32 అక్షరాలు దాటితే వదిలెయ్, మా సర్వర్లలోని యూజర్‌యాడ్ ఎలాగూ ఒప్పుకోదు. హైఫన్‌తో మొదలైతే వదిలెయ్, లేకపోతే కమాండ్ దాన్ని ఆప్షన్ అనుకుంటుంది. చిన్న అక్షరంతోనో అండర్‌స్కోర్‌తోనో మొదలవ్వాలి.

ఈ ఆఖరి నియమం మూడు గంటల తర్వాత అక్కరకొచ్చింది. ఎవరో పేరు రాయాల్సిన చోట 1004 అని అంకె రాశారు. నియమం లేకుండా అడిగి చూశాను. గెట్‌ఎంట్ ఆనందంగా ఒక వరుస ఇచ్చింది. అది వేరే మనిషిది. మొత్తం అంకెలే ఇస్తే గెట్‌ఎంట్ దాన్ని పేరుగా కాకుండా యూఐడీగా తీసుకుని వెతుకుతుంది. నియమం ఉన్నా సరే, రెండో కాపలా కూడా పెట్టాను: గెట్‌ఎంట్ ఇచ్చిన వరుసలో మొదటి భాగం, నేను అడిగిన పేరు ఒకటేనా అని పోల్చి చూడటం.

ఐదో రోజు

నాలుగో రోజు వేరే పనిలో పోయింది.

స్క్రిప్ట్ తలమీద సెట్ మైనస్ ఈ పెట్టాను, ఏ కమాండ్ విఫలమైనా అక్కడే ఆగిపోవాలని. అప్పటినుంచి ఖాతా లేని మొదటి పేరు రాగానే స్క్రిప్ట్ ఒక్క ముక్క చెప్పకుండా ఆగిపోతోంది. గెట్‌ఎంట్‌ని ఒక వరుసలో పిలిచి, ఆ కోడ్ చూపే $? ని కింది వరుసలో దాచుకుంటున్నాను. గెట్‌ఎంట్ 2 ఇచ్చిన క్షణంలోనే షెల్ దాన్ని వైఫల్యం అనుకుని ఆపేస్తోంది, కింది వరుస దాకా రానే రాదు. లేదు అన్నది కూడా ఒక జవాబేనని దానికి తెలియదు.

సరే, ఇఫ్‌లో ఆశ్చర్యార్థకం పెట్టి తిప్పి రాశాను. ఇప్పుడు ఆగడం లేదు గానీ లోపల $? చూస్తే ఎప్పుడూ 0. ఆశ్చర్యార్థకం జవాబును తిరగేస్తుంది, నాకు మిగిలేది తిరగేసిన జవాబే. అసలు కోడ్ 1 నా, 2 నా అన్నది పోయింది. ఫంక్షన్‌లో లోకల్ అనే మాటతో వేరియబుల్ ప్రకటిస్తూ అదే వరుసలో గెట్‌ఎంట్ ఫలితం నింపినా ఇదే కథ: కనిపించే కోడ్ లోకల్‌ది, అది ఎప్పుడూ 0. పైప్ పెట్టి ఫలితాన్ని కట్ అనే ఇంకో కమాండ్‌కి పంపితే కనిపించేది కట్ కోడ్. ఎన్ని దారుల్లో అసలు జవాబు చేజారుతుందో ఇవాళ ఒకేసారి చూశాను.

చివరికి నిలిచింది ఇది. ముందు లోకల్ వేరియబుల్స్ విడిగా ప్రకటించడం. కోడ్ కోసం పెట్టిన దానిలో 0 వెయ్యడం. తర్వాత గెట్‌ఎంట్ పిలిచి, పక్కనే రెండు నిలువు గీతలు పెట్టి, విఫలమైతే $? ని అందులోకి తీసుకోవడం. నిలువు గీతలకి ఎడమవైపు ఉన్న కమాండ్ విఫలమైనా సెట్ మైనస్ ఈ ఆపదు. కోడ్ చెక్కు చెదరకుండా చేతికొస్తుంది.

ఆరు సర్వర్లలో నడిపాను. ఫలితాలన్నీ చేత్తో సరిచూసుకున్నాను. సరిగ్గా ఉన్నాయి.

ఎనిమిదో రోజు

పొద్దున్నే ఒక సహోద్యోగి ఫోన్.

"అన్నా, నిన్నటిదాకా బాగానే లాగిన్ అయ్యాను. ఇవాళ నా కీ తీసుకోవట్లేదు."

"నువ్వేమైనా మార్చావా?"

"లేదన్నా. ఏమీ ముట్టుకోలేదు."

అతను ఏమీ ముట్టుకోలేదు నిజమే. రాత్రి నా స్క్రిప్ట్ ముట్టుకుంది. చిట్టాలో అతని పేరు పక్కన "లేదు, తయారు చేశాను" అని ఉంది. రెండేళ్లుగా వాడుతున్న ఖాతా అది.

హోం డైరెక్టరీ చూశాను. ఫైళ్ల వివరాలు చూపే ఎల్‌ఎస్ మైనస్ ఎల్ ఇస్తే యజమాని స్థానంలో అతని పేరే ఉంది. అనుమతులు సరిగ్గానే ఉన్నాయి. అరగంట నాకు ఏమీ అర్థం కాలేదు. పేర్లు కాకుండా అంకెలు చూపించమని మైనస్ ఎన్ ఇచ్చాను: 24017. ఐడీకి అతని పేరు ఇచ్చాను: 1006. ఒకే పేరు, రెండు అంకెలు.

అప్పుడు అర్థమైంది. నిన్న సాయంత్రం ఆ సర్వర్‌లో ఎస్‌ఎస్‌ఎస్‌డీ అమరికల ఫైల్‌ని కొద్దిగా మార్చి, వేరేచోటి నుంచి కాపీ చేసి పెట్టాను. ఆ ఫైల్‌ని ఎవరైనా చదవగలిగితే ఎస్‌ఎస్‌ఎస్‌డీ మొదలవ్వడానికి ఒప్పుకోదు, మా దగ్గర అది రూట్‌ది అయ్యి, రూట్ ఒక్కటే చదివేలా అనుమతులు 600 ఉండాలి. నేను పెట్టింది 644, అంటే అందరూ చదవగలరు. సర్వీస్ లేవలేదు. నేను చూసుకోలేదు. రాత్రి స్క్రిప్ట్ నడిచింది. గెట్‌ఎంట్ ఫైళ్లలో వెతికింది, దొరకలేదు. ఎస్‌ఎస్‌ఎస్‌డీని అడగబోతే పలికేవాళ్లు లేరు. అప్పుడు గెట్‌ఎంట్ ఇచ్చిన కోడ్ 2. మనిషి నిజంగా లేనప్పుడు ఇచ్చేదీ 2, అడగడానికి దారి మూసుకుపోయినప్పుడు ఇచ్చేదీ 2. యూజర్‌యాడ్ కూడా అదే దారిలో అడుగుతుంది కాబట్టి అదీ ఆపలేదు. ఖాళీగా ఉన్న 1006 ఇచ్చి లోకల్ ఖాతా తయారు చేసింది. హోం డైరెక్టరీ ముందే ఉందని ఒక హెచ్చరిక రాసి ఊరుకుంది.

పొద్దున నేను అమరికలు సరిచేసి ఎస్‌ఎస్‌ఎస్‌డీని లేపాను. ఫైళ్లు ముందు, ఎస్‌ఎస్‌ఎస్‌డీ తర్వాత అనే వరుస ప్రకారం పేరుతో అడిగితే లోకల్ ఖాతానే వస్తోంది, డైరెక్టరీలోని అసలు ఖాతా దాని నీడలో పడిపోయింది. 24017 అనే అంకెతో అడిగితే మాత్రం లోకల్ ఫైల్‌లో ఆ అంకె లేదు కాబట్టి డైరెక్టరీ జవాబిస్తోంది, అదే పేరుతో. అందుకే ఎల్‌ఎస్ నాకు అంతా బాగున్నట్టు చూపించింది. లాగిన్ అవ్వడానికి వచ్చింది 1006, కీ ఉన్న ఫైల్ 24017 ది, దాన్ని తెరిచే అనుమతి 1006 కి లేదు.

లోకల్ ఖాతాని యూజర్‌డెల్‌తో తీసేశాను. మైనస్ ఆర్ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఆ ఖాతాకి హోం డైరెక్టరీగా రాసి ఉన్న చోటునే తుడిచెయ్యమని చెప్పినట్టయ్యేది. అది ఎవరి రెండేళ్ల పనో నాకు తెలుసు. 1006 పేరున ఇంకేమైనా ఫైళ్లు మిగిలాయా అని ఫైండ్‌తో వెతికాను, లేవు. అతనికి ఫోన్ చేసి, తప్పు నా స్క్రిప్ట్‌దని, ఎలా జరిగిందో పూర్తిగా చెప్పాను.

ఇన్నాళ్లూ నేను రాసింది రెండు జవాబుల ఫంక్షన్. ఉంది, లేదు. గ్రెప్‌కి కూడా మూడు జవాబులు ఉన్నాయి: ఫైల్ తెరవలేకపోతే 1 కాదు, 2 ఇస్తుంది. మొదటి రోజే అది చూశాను, పట్టించుకోలేదు.

తొమ్మిదో రోజు

ఫంక్షన్ మళ్లీ మొదటినుంచి. ఇప్పుడు దాని ఎగ్జిట్ కోడ్‌లు మూడు: 0 అంటే ఉంది, 1 అంటే లేదు, 2 అంటే తెలియదు. ఖాతా తయారు చేసేది 1 వచ్చినప్పుడే. 2 వస్తే పేరు చిట్టాలో రాసి, ఏమీ చెయ్యకుండా ముందుకు వెళ్లడం. గెట్‌ఎంట్ ఇంకేదైనా కోడ్ ఇస్తే అదీ "తెలియదు" కిందే.

కష్టమంతా "లేదు" అని నమ్మకంగా చెప్పడంలో ఉంది. డైరెక్టరీలో ఎప్పటికీ తీసెయ్యని ఒక సాక్షి ఖాతా ఎంచుకున్నాను, ఏ సర్వర్‌లోనూ లోకల్‌గా లేనిది. గెట్‌ఎంట్ ఏ పేరుకైనా 2 ఇస్తే, వెంటనే సాక్షిని అడుగుతాను. మైనస్ ఎస్ ఆప్షన్‌తో ఎస్‌ఎస్‌ఎస్‌డీని మాత్రమే అడిగేలా పెట్టాను. సాక్షి కూడా దొరక్కపోతే దారి మూసుకుపోయినట్టు, జవాబు "తెలియదు".

పరీక్షించడానికి ఎస్‌ఎస్‌ఎస్‌డీని కావాలని ఆపాను. సాక్షి దొరికింది! ఎస్‌ఎస్‌ఎస్‌డీ వేగం కోసం ఇటీవలి జవాబులను మెమరీలో ఉంచుతుంది, మామూలుగా 300 సెకన్లు. అడిగే ప్రోగ్రామ్ అక్కడినుంచే చదువుకుంటుంది. ఆ మెమరీని వాడొద్దని చెప్పే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఒకటి ఎస్‌ఎస్‌ఎస్‌డీ మాన్యువల్ పేజీలోనే ఉంది. దాన్ని "నో" చేసి సాక్షిని అడిగాను. ఈసారి దొరకలేదు. మంచిది.

ఇంకో సందు మిగిలింది. ఎస్‌ఎస్‌ఎస్‌డీ నడుస్తూనే ఉండి, డైరెక్టరీ సర్వర్‌తో సంబంధం తెగిపోతే? అప్పుడది డిస్క్ మీద దాచుకున్న పాత జవాబులు ఇస్తుంది. సాక్షి ఆ పాతవాటిలో ఉంటుంది కాబట్టి దొరుకుతుంది, కానీ ఈ సర్వర్‌లోకి ఎప్పుడూ రాని మనిషి దొరకడు. నెట్‌వర్క్ తెంచి చూశాను, సరిగ్గా అలాగే జరిగింది. అందుకని ఎస్‌ఎస్‌ఎస్‌డీ స్థితి చెప్పే ఎస్‌ఎస్‌ఎస్‌సీటీఎల్ కమాండ్‌తో డొమైన్ (మా డైరెక్టరీ) ఆన్‌లైన్‌లో ఉందా అని కూడా అడుగుతున్నాను. దానికి రూట్ కావాలి, స్క్రిప్ట్ ఎలాగూ రూట్‌గానే నడుస్తుంది. రెండూ సరిగ్గా ఉంటేనే "లేదు".

లోకల్ ఖాతాలు మాత్రమే ఉన్న మూడు సర్వర్లలో ఈ తతంగం అక్కర్లేదు. ఎన్‌ఎస్‌స్విచ్‌లో ఎస్‌ఎస్‌ఎస్‌డీ పేరు లేకపోతే ఈ భాగం దాటేస్తుంది.

పదో రోజు

చిన్న సవరణలు. ఇద్దరం ఒకేసారి స్క్రిప్ట్ నడిపితే, నేను "లేదు" అని తెలుసుకున్నాక, తయారు చేసేలోపు రెండోవాళ్లు తయారు చెయ్యొచ్చు. పేరు ముందే ఉంటే యూజర్‌యాడ్ 9 ఇస్తుంది. దాన్ని తప్పుగా కాకుండా "ఉంది" కింద రాసుకుంటున్నాను.

డైరెక్టరీలో అప్పుడే చేర్చిన పేరు కొన్ని క్షణాలపాటు "లేదు" అని వస్తోంది. దొరకని పేర్లను కూడా ఎస్‌ఎస్‌ఎస్‌డీ గుర్తుపెట్టుకుంటుంది, మామూలుగా 15 సెకన్లు. "లేదు" వచ్చిన పేర్లన్నిటినీ పక్కన పెట్టి, 20 సెకన్లు ఆగి, రెండోసారి అడిగాక మాత్రమే తయారు చేస్తున్నాను.

ఖాతా లాక్ అయి ఉందా, గడువు తీరిందా, షెల్ నోలాగినా అన్నవి కూడా ఇందులోనే చూడమని ఒకరు అడిగారు. పెట్టలేదు. అవి ఖాతా ఉన్నదానికి సంబంధించిన ప్రశ్నలు, ఉందా లేదా అన్నదానికి కాదు. వాటికి వేరే స్క్రిప్ట్ రాస్తాను.

పన్నెండో రోజు

ఎనిమిది సర్వర్లలో ఒకేచోటు నుంచి నడిపేలా, వేరే సర్వర్‌లో కమాండ్ నడిపించే ఎస్‌ఎస్‌హెచ్ చేర్చాను. మొదటి పేరు తర్వాత లూప్ ఆగిపోయింది, ఎందుకంటే ఎస్‌ఎస్‌హెచ్ మిగతా జాబితా మొత్తాన్ని తన ఇన్‌పుట్ అనుకుని తాగేసింది. చిన్న ఎన్ ఆప్షన్‌తో అది సరిపోయింది. అవతలి కమాండ్ కోడ్‌నే ఎస్‌ఎస్‌హెచ్ తెచ్చి ఇస్తుంది, తానే చేరలేకపోతే 255 ఇస్తుంది. 255 కూడా "తెలియదు" కిందకే.

రాత్రి పూర్తి జాబితా నడిచింది: 41 పేర్లు, 8 సర్వర్లు. ఏడు సర్వర్లలో అన్నిటికీ "ఉంది" లేదా "లేదు, తయారు చేశాను". ఎనిమిదోది ఆ సమయానికి రీబూట్ అవుతోంది. దాని కింద 41 వరుసలూ "తెలియదు" అని ఉన్నాయి, ఒక్క ఖాతా కూడా తయారవ్వలేదు. పొద్దున అది లేచాక ఆ ఒక్క సర్వర్‌కి మళ్లీ నడిపాను. 38 ఉన్నాయి, 3 తయారయ్యాయి.